కాలర్ తిప్పిన చొక్కాలు

ఏప్రిల్ 3

మస్కట్ నుంచి పార్సెల్ వచ్చిందట. కస్టమ్స్‌లో ఆగిందట. నోటీసులో ఏం కాగితాలు కావాలో రాశారు, ఎప్పుడిస్తారో రాయలేదు.

నా మొగుడు నరహరిని సీలు పెట్టెలో పంపారు. గుండె ఆగిందన్నారు. పెట్టె తెరవొద్దన్నారు. ముఖం చూడకుండానే దహనం చేశాం. ఆయన బట్టలు రూమ్మేట్ వినోద్ పోస్టులో వేశాడు. నాకు ఒక్క మాసిన చొక్కా కావాలి, ఆయన చెమట వాసన ఉన్నది. ఇంకేమీ అక్కర్లేదు. ఎవరికి చెప్పినా నవ్వుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఏప్రిల్ 5

పార్సెల్ సంగతి అత్తమ్మకు చెప్పాను. పోయినోని బట్టలు ఇంట్ల పెట్టుకుంటరా ఏందే, తాపీ నదిల ఇడువు అంది. అని తనే ఏడ్చింది. ఇద్దరం అన్నం తినలేదు.

ఏప్రిల్ 8

పని మానుకుని కస్టమ్స్ కౌంటర్‌కు వెళ్లాను. అక్కడి గుజరాతీ మేడమ్ స్క్రీన్ చూసి, కొత్త రెడీమేడ్ షర్టులు, గిఫ్ట్ అని రాసి ఉందంది. బిల్లు తెమ్మంది, డ్యూటీ పడుతుందంది. పాతవే మేడమ్, చచ్చిపోయినాయనవి అన్నాను. అయితే డెత్ సర్టిఫికెట్ తెమ్మంది. చెడ్డ మనిషేం కాదు, తన బాటిల్లో నీళ్లు ఇచ్చింది.

సాయంత్రం ఫోన్లో వినోద్ మీద అరిచాను, కొత్తవని ఎందుకు రాశావని. గట్లెట్ల వదినా, అన్న బట్టలు పాతయని నా చేత్తోని ఎట్ల రాస్త అన్నాడు.

ఏప్రిల్ 9

పర్వత్ పాటియాలో నేను పనిచేసే గోదాములో రోజంతా చీరలకు దారాలు కత్తిరించాను. ఉక్క.

ఏప్రిల్ 15

పెట్టె నా ముందే తెరిచారు.

ఒక్కో చొక్కా ఒక్కో ప్లాస్టిక్ కవర్లో. గంజి, ఇస్త్రీ, కాలర్ కింద అట్టముక్క, గుండీల దగ్గర పిన్నులు. ఆయనా వినోదూ పనిచేసింది లాండ్రీలోనే కదా. అచ్చం షోరూమ్ సరుకు. ఇవి పాతవా అంది మేడమ్. సర్టిఫికెట్ చూపించాను. మనిషి పోయాడని ఉంది గానీ చొక్కా పాతదని ఎక్కడుందంది.

పిన్నులు పీకేశాను. మా ఇళ్లల్లో కాలర్ అరిగితే ఊడదీసి, తిప్పి కుడతాం. పోయినసారి ఆయన సెలవుకొచ్చినప్పుడు నేనే కుట్టాను. కాలర్ ఎత్తి, అరిగిన వైపు వేలు పెట్టి చూపించాను. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. బస్ బస్ బెన్, చాలు చాలక్కా అని మేడమ్ సంతకం పెట్టేసింది.

అక్కడే ముక్కుకు పెట్టుకున్నాను. సబ్బు. గంజి. కవర్లన్నీ చింపాను. బనీన్లు కూడా ఉతికేశారు, ఏం మనుషులురా నాయనా! కౌంటర్ ముందే కూలబడి ఏడ్చాను. డ్యూటీ లేదు బెన్, ఇంకెందుకు ఏడుస్తున్నావ్ అని మేడమ్ అడిగింది.

ఏప్రిల్ 16

వినోద్ ఫోన్ చేశాడు. ముట్టినయా వదినా అన్నాడు. రూమ్ల అందరం కూసొని రెండు సార్లు ఉతికినం, అన్న బట్టలు మురికిగ ఇంటికి పంపుతమా అన్నాడు. గొంతులో ఎంత గర్వమో. మంచిగ చేసిన్రు తమ్మీ అన్నాను.

ఏప్రిల్ 20

తాపీకి ఎన్నడు పోదమే అని అత్తమ్మ మళ్లీ అడిగింది. నాకు ఓపిక లేదన్నాను. నిజంగానే లేదు.

ఏప్రిల్ 24

చీర మీద ఆయన చొక్కా వేసుకుని పనికి వెళ్లాను. ఉక్కకు తడిసిపోయింది. ఇంటికొచ్చి విప్పి వాసన చూశాను. నాదే.

ఉతకను.