లంకెబిందె లేదు, నాణెం ఒక్కటే

కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ చర్చి వీధిలో కాపురముంటూ, బడిపంతులమ్మగా పనిచేసి విరమించిన, కీర్తిశేషుడు ఏసయ్య భార్య బాలమ్మ అనే నేను నా చేత్తో రాసిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది.  అక్షరాలు వంకర పోతే అది భయంతోనే గానీ మతి తప్పి కాదు. దీన్ని అమలు జరపడానికి నంద్యాలలో పాతవెండి కొనే నూర్ బాషా ఒప్పుకున్నాడు. నన్ను సమాధి చేసే రోజున, మట్టి వేయకముందే, వచ్చినవాళ్లందరికీ వినపడేలా దీన్ని చదవాలి.

1. ముందుగా నాణెం సంగతి. 1981 ఎండాకాలంలో పెరట్లో మరుగుదొడ్డికి గుంత తవ్వుతుంటే నా భర్త గడ్డపారకు ఒక వెండి నాణెం తగిలింది. ఒక్కటే. ఆ దెబ్బకు దాని అంచు చీలింది. నల్లగా మట్టి పట్టి ఉంటే నేనే చింతపండూ ఇటుకపొడీ వేసి తళతళలాడేదాకా తోమాను. దాని మీది అక్షరాలు నా వేళ్ల కిందే అరిగిపోతున్నాయని తెలియలేదు. ఇద్దరం నంద్యాల బస్సెక్కి నూర్ బాషా అంగడికి పోయాం. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "రుద్ది రుద్ది దీని మొగం తీసేసినావు గదక్కా. మట్టితోనే తెచ్చింటే చదివేటోళ్లు చదివి ధర కట్టేవాళ్లు. ఇప్పుడు దీనికి తూకమే ధర" అన్నాడు. ఆ ధరకు ఒక జత కాలిమెట్టెలు వస్తాయట. నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

2. మరిది ఇస్సాకూ, మీ అన్నకు లంకెబిందె దొరికిందని, ఒక్క నాణెం బయట చూపి మిగతాది దాచామని బస్టాండు టీకొట్లో చెప్పింది నువ్వే. నడిమి గోడ దగ్గర వచ్చిన తగాదా మనసులో పెట్టుకున్నావేమో. అప్పటినుంచి పొద్దున లేస్తే పెరట్లో ఎవరో తవ్విపోయిన గుంతలు, గడప ముందు కుంకుమ పూసిన నిమ్మకాయలు. తర్వాత కొందరు జీపులో వచ్చి, నాణేనికి మంచి ధర కట్టే ఆసామి ఉన్నాడని నా భర్తను ఎక్కించుకుపోయారు. అహోబిలం అడవిలో దింపి, బిందె ఎక్కడుందో చెప్పమని కొట్టారు. మరుసటి రోజు ఆయన కాళ్లీడ్చుకుంటూ వచ్చి గడపలోనే కూలబడ్డాడు. "లేదంటే నమ్మరు బాలమ్మా. లేదనే మాట వాళ్లకు ఇనపడదు" అన్నాడు. ఆ దెబ్బలనుంచి కోలుకోలేదు. ఆ వానాకాలంలోనే ప్రభువు దగ్గరికి పోయాడు.

3. అంతటితో ఆ పీడ పోయిందనుకున్నాను. పోయిన నెల ఒక మనిషి వాకిట్లో నిలబడి మంచినీళ్లు అడిగాడు. తాగి, చెంబు చేతికిస్తూ, ఆడుకుంటున్న నా మనవరాలు కృపావతిని చూసి, "ఈ పాప తొలిచూలు బిడ్డేనామ్మా?" అని నెమ్మదిగా అడిగాడు. తొలిచూలు బిడ్డను బలిస్తే నిధి పైకొస్తుందని నమ్మేవాళ్లు అడిగే మాట అది.  వాడు వీధి మలుపు తిరగగానే నా కూతురు లూదియాను, బిడ్డను గడివేములలో అల్లుడి దగ్గరికి పంపేశాను.

ఇస్సాకూ, ఆ కోపంలో నాణెం నీ పేరనే రాసి, ఆ మనుషులు నీ వాకిటికే పోవాలని కోరుకున్నాను. కానీ నీకూ పెద్దకొడుకున్నాడు. వాడికి నేనే అక్షరాలు దిద్దించాను. అందుకని నీకు పెరటి స్థలం మాత్రమే ఇస్తున్నాను. షరతు ఒక్కటి. పట్టపగలు, పదిమందీ చూస్తుండగా, నువ్వే పార పట్టి దాన్నంతా తవ్వాలి. ఏమీ లేదని టీకొట్లో చెప్పినంత గట్టిగా చెప్పాలి. ఆ తర్వాత వంకాయలు వేసుకో, నేల మంచిది.

4. నాణెం నా ట్రంకుపెట్టెలో ఉంది. నూర్ బాషా త్రాసు తెచ్చి, జనం మధ్యలో దాన్ని తూచి, వెల ఎంతో పైకి చెప్పాలి. అంచు చీలిందని, తోమి పాడుచేశారని కూడా చెప్పాలి. ఆ వెంటనే తాలూకా ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఒక్క పూట కూడా దాన్ని లూదియా చేతికి ఇవ్వకూడదు.

5. ఇల్లు లూదియాది. అయితే ఇక్కడ కాపురం పెట్టవద్దు, అమ్ముకో. నాకు తోడు పడుకోవడానికి రోజూ వస్తున్న పక్కింటి గోవిందమ్మకు నా కుట్టుమిషను, ఉన్ని దుప్పటి. ఆమెకూ భయమే, అయినా వస్తుంది. నా కళ్లజోడు డబ్బా మూత టప్పున పడితే కృపావతి నవ్వుతుంది. ఆ డబ్బా దానిదే.

6. లూదియా, ఈ మాట ఎవరితోనూ అననని నీకు మాటిచ్చాను. తప్పుతున్నాను, నన్ను క్షమించు. కృపావతి తొలిచూలు బిడ్డ కాదు. దానికంటే ముందు నంద్యాల ఆసుపత్రిలో నీకు మగబిడ్డ పుట్టి, ఏడవకుండానే పోయాడు. మీ నాయన వాణ్ణి తన తువ్వాలులో చుట్టి తెచ్చి, మన సమాధుల తోటలో తూర్పు గోడ పక్కన పాతిపెట్టాడు. నువ్వు చూసి తట్టుకోలేవని గుర్తు కూడా పెట్టలేదు. పోస్టాఫీసులో ఉన్న నా సొమ్ముతో అక్కడ రాయి నిలబెట్టాలి. వాడికి కరుణాకర్ అని పేరు పెడుతున్నాను. "కరుణాకర్, లూదియా పెద్దబిడ్డ, కృపావతికి అన్న" అని, దారినపోయేవాళ్లకు కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో చెక్కించాలి.

ఆళ్లగడ్డ, 1984 సెప్టెంబరు 14.

(సంతకం) బాలమ్మ

మా ఎదుట రాసి సంతకం చేసినందుకు సాక్షులు:
కొండయ్య (సంతకం)
అంకమ్మ (వేలిముద్ర)