ఎడమ చేతి గుండీలు

కాసాబ్లాంకా,
మే 12.

అమ్మకు,

నీ రెండు చేతులనూ ముద్దుపెట్టుకుని నుహైలా రాస్తున్నది. దేవుడి దయవల్ల నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ, మన వీధిలో అందరూ, మన సెఫ్రూలో ఈ ఏటి చెర్రీ కాపూ బాగున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మసీదు బడిలో చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే నాలుగు పేజీలు రాశావు! ఇన్నాళ్ళూ కెల్తూం పిన్ని చేత రాయించేదానివి. సగం నీ మాటలుంటే సగం ఆవిడ నిష్ఠూరాలుండేవి. ఈసారి అన్నీ నీవే. అక్షరాలు వణుకుతున్నాయని సిగ్గుపడ్డావు. పంతులమ్మ కుడి చేత్తోనే రాయాలని పట్టుబడితే వణకక ఏం చేస్తాయి? నేను మాత్రం మూడుసార్లు చదువుకున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. తింటున్నాను. శుక్రవారం శుక్రవారం ఇక్కడి అమ్మాయిలందరం కలిసి కుస్కుసు వండుకుంటున్నాం. నీ చేతి రుచి రాదు, అయినా గిన్నెలో ఒక్క మెతుకు మిగలదు.

"ఈ ఫ్యాషన్ మండలివాళ్ళు ఎవరే, ఊరికే చోటిచ్చి, మిషన్లిచ్చి, చివరికి నీ దగ్గర ఏం లాక్కుంటారే?" అని అడిగావు. ఈ ప్రశ్న కెల్తూం పిన్నిదని నాకు తెలుసులే. దేశం మొత్తంమీద బట్టల పనిలో ఉన్నవాళ్ళంతా, మిల్లులవాళ్ళూ, దుకాణాలవాళ్ళూ, పేరున్న డిజైనర్లూ కలిసి పెట్టుకున్న సంఘం ఇది. ఏటా ఆరుగురు కొత్తవాళ్ళను ఎంచుకుంటారు. ఒక పాత నూలు మిల్లులో మాకు పని గది ఇచ్చారు. ఒక్కొక్కరికీ పని తెలిసిన పెద్దమనిషిని జతచేశారు. నాకు దొరికింది ఫెజ్ నుంచి వచ్చిన లారబీ గారు. యాభై ఏళ్ళుగా పొడవాటి కఫ్తాను అంగీలు కుట్టిన మనిషి. నోరు తెరిస్తే చీవాట్లే. "ఇది కుట్టా, కుక్క పీకిందా?" అంటారు. ఆయన విప్పించిన కుట్లన్నీ కలిపితే ఇంకో కఫ్తాను అయ్యేది.

ఒక లాయరమ్మ కూడా ఉంది. పోయిన నెల ఒక పెద్ద దుకాణదారు వచ్చి నా కఫ్తాన్లన్నీ కావాలన్నాడు. తీరా చూస్తే, నా పేరు తీసేసి అతని పేరు కుట్టుకుంటాడట! లాయరమ్మ ఆ కాగితంలో వాక్యం వాక్యం నాకు చదివి వినిపించింది. "పేరు లేకుండా ఒక్క గుడ్డముక్క కూడా ఇవ్వను" అని అతని ముఖం మీదే చెప్పాను. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజంతా తల ఎత్తుకు తిరిగాను.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. "టీ డబ్బాలో పోసిచ్చిన ఆ పనికిరాని గుండీలు ఏం చేశావు, పారేశావా?" అన్నావు. ఫోనులో రెండుసార్లు అడిగితే రెండుసార్లూ మాట మార్చాను. ఇక మార్చను.

పారెయ్యలేదమ్మా. నన్ను ఇక్కడికి ఎంచుకున్నదే వాటిని చూసి.

ఊళ్ళో ఆడవాళ్ళందరూ సూది కుడిచేత్తో పడతారు, వాళ్ళు పట్టుదారంతో అల్లే గుండీల మీద దారం ఒకవైపుకే తిరుగుతుంది. నువ్వు ఎడమచేత్తో పడతావు, నీ దారం అటునుంచి ఇటు తిరుగుతుంది. దళారి అవి మిగతావాటితో కలవవని వెనక్కి పడేస్తుంటే, చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఒకరోజు నీ గుండీ పక్కన కెల్తూం పిన్ని గుండీ పెట్టి చూశాను. అద్దంలో చూసుకున్నట్టు ఉన్నాయి. అందుకే కఫ్తానుకు కుడిచేయి పొడవునా మామూలువి, ఎడమచేయి పొడవునా నీవి కుట్టాను. రెండు చేతులూ దగ్గరికి తెస్తే దారాలు ఎదురెదురుగా తిరుగుతాయి. ఎంపిక చేసేవాళ్ళు లేచి వచ్చి చేత్తో తడిమి చూశారు. దరఖాస్తులో "వేరెవరి చేతిపని అయినా ఉందా?" అని అడిగితే, లేదని రాశాను. గుండీలన్నీ నేనే చేశానని నోటితోనూ చెప్పాను. మా అమ్మవి అంటే "అయితే నీదేముంది?" అంటారని భయపడ్డాను. భయం కంటే ఆశ ఎక్కువ, అది కూడా చెప్పాలి.

పోయిన వారం లారబీ గారు కఫ్తాను ఎడమచేయి పట్టుకుని అడిగారు. "ఎవరు చేశారే ఇవి?"

"నేనేనండి."

"అట్లాగా! ఇదిగో సూది. ఇట్లాంటిదే ఒకటి చేసిపెట్టు, చూస్తా."

చేశాను. చేయడం నువ్వే నేర్పావుగా! ఆయన దాన్ని తీసుకుని నీ గుండీ పక్కన పెట్టారు. నాది కుడికి తిరిగింది. సూది ఎడమచేతికి మార్చి మళ్ళీ మొదలుపెట్టాను. దారం చిక్కుపడి ఉండ కట్టింది.

"ఎవరిదే ఆ ఎడమ చెయ్యి?"

"మా అమ్మది."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "దుకాణపోడు నీ పేరు పీకేస్తానంటే గంతులేశావే! మరి నువ్వు చేసిందేంది? పొద్దున్నే వెళ్ళి మండలిలో చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా," అన్నారు.

వెళ్ళి చెప్పాను. ఈ కార్యక్రమం నడిపే లమ్యా గారు నన్ను మెచ్చుకోలేదు, గెంటనూ లేదు. "ఇద్దరి పని కలిపి చూపించడం తప్పేం కాదమ్మాయ్, మొదటే చెప్పి ఉంటే ఇంకా సంతోషించేవాళ్ళం. అబద్ధం చెప్పడమే తప్పు," అన్నారు. మా ఆరుగురి పనీ చూపించే పెద్ద ప్రదర్శన జాబితాలో నా పేరు ఆపేశారు. గుండీలు చేసిన మనిషి పేరు, ఆమె ఒప్పుకుంటున్నట్టు సంతకం ఇరవై ఐదో తేదీలోగా అందితేనే నా చోటు నాకు.

నీ దగ్గర దాచి, నీ పనిని నాదని చెప్పుకున్నాను. క్షమించమని అడిగే ముందు ఏం చేయబోతున్నానో చెబుతాను. నువ్వు వద్దంటే ఆ గుండీలన్నీ నా చేత్తోనే విప్పి, అదే డబ్బాలో నీకు పంపిస్తాను. ప్రదర్శన పోతే పోనీ. వచ్చే ఏడు కుడిచేతి పనితోనే మళ్ళీ దరఖాస్తు పెడతాను. వెనక్కి మాత్రం తగ్గను. ఒప్పుకుంటే, కఫ్తాను మెడ లోపల రెండు పేర్లు కుడతాను, నీది పైన. లాయరమ్మ ఆ గుండీని నీ పేరుమీదే నమోదు చేయిస్తానంది. ఆ తరువాత నీ గుండీలు ఏ దళారి గుమ్మానికీ వెళ్ళవు. నాకోసం సర్దుకుపోయి ఒప్పుకోవద్దు. నీకు కోపం వస్తే ఆ కోపమే రాసి పంపు.

నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితం ఇందులోనే పెట్టాను. దాన్ని తిరిగి పంపడానికి ఇంకో కవరు మీద మండలి చిరునామా రాసి స్టాంపులు అంటించాను. కాగితం అడుగున ఒక గీత ఖాళీగా ఉంది. ఒప్పుకుంటే నీ పేరు అక్కడ రాయాలి. కెల్తూం పిన్ని చేత రాయించవద్దు, పంతులమ్మకు చూపించవద్దు. తలుపు వేసుకుని, గుండీలు చేసేటప్పుడు ఎట్లా కూర్చుంటావో అట్లాగే కూర్చుని, కలం ఎడమచేత్తో పట్టుకో అమ్మా.

ఇట్లు,
నీ చేతిపని నేర్చినా నీ చెయ్యి రాని
నీ కూతురు
నుహైలా