పాస్టరు గారి ఆరు కుర్చీలు

నార్విచ్, కనెక్టికట్
1764 ఫిబ్రవరి 9

నా ప్రైమస్‌కి,

ఎలా ఉన్నావని అడగడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు. నీ యజమాని మనుషులు నీ చేతులకు గొలుసులు వేస్తుంటే, ఎవరు చెప్పి ఉంటారన్నట్టు నా వైపు చూశావు. నేనే, ప్రైమస్.

నువ్వు ఫిలడెల్ఫియా నుంచి పారిపోయి వచ్చిన బానిసవని ఈ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. ఐదేళ్లూ ఈ ఊరి తీరులోనే కుర్చీలు చేశావు. ఇక్కడ సీటు పక్క చెక్క కొస వెనక కాలి లోపలే ఆగిపోతుంది, బయటికి కనపడదు. మన పెళ్లికి మాత్రం ఒక్క కుర్చీ మీ ఊరి తీరులో చేశావు. కొస కాలిలోంచి దూరి వెనక్కి వచ్చి గోరంత చదరంగా కనపడుతుంది. "దీన్ని గడప దాటనివ్వకు డోర్కస్. నాకు పని నేర్పిన ఊరేదో ఇది చెప్పేస్తుంది" అన్నావు.

గడప దాటనివ్వలేదు. గడప దాటి లోపలికి వచ్చినవాళ్లకు చూపించాను.

చర్చి పెద్ద డీకన్ గారి భార్య తన కుర్చీకి నాచేత తుంగ సీటు అల్లించుకోవడానికి మన ఇంటికి వచ్చింది. వెంట వాళ్లింటికి చుట్టపుచూపుగా వచ్చిన వర్తకుడొకడు. "నీ మొగుడికి మావాళ్లు నేర్పిన పనే గానీ, సొంతంగా ఏమొచ్చే?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. కుర్చీ తెచ్చి వెనక్కి తిప్పాను. "ఇలాంటిది మీ ఇంట్లో ఒక్కటుందా అమ్మగారూ?" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది. వర్తకుడు వంగి ఆ చదరాన్ని వేలితో తడిమాడు. "అబ్బ, ఏం పనితనం! ఎన్నేళ్లయింది ఈ ఊరొచ్చి?" అన్నాడు. నేను పొంగిపోయి ఐదేళ్లయిందని, ఈ పని ఇక్కడ నేర్చుకున్నది కాదని అన్నీ చెప్పాను. అతను ఫిలడెల్ఫియావాడని తర్వాత తెలిసింది. నెల తిరక్కుండా నీ యజమాని మనుషులు వచ్చారు.

తిట్టినా సరే, జవాబు రాయి.

నీ డోర్కస్

*

ఫిలడెల్ఫియా జైలు
మార్చి 3

నా పిచ్చి డోర్కస్,

కాపలావాడి ముక్కాలిపీట బాగుచేసి ఈ కాగితం సంపాదించాను. నువ్వు అనుకున్నదేదీ జరగలేదు. కిందటేడు పాస్టరు గారికి ఆరు కుర్చీలు చేశాను, గుర్తుందా? వాటికి తోలు సీట్లు కాబట్టి నీ చేతికి రాలేదు. ఇంకొకడి చెప్పుల్లో కాళ్లు పెట్టుకు నడిచినట్టు ఐదేళ్లు పనిచేసి విసుగెత్తిపోయింది. ఆ ఆరింటికీ మా తీరే పెట్టేశాను. ఆ వర్తకుడు నీ దగ్గరికి రాకముందే అక్కడ భోంచేశాడట. "పాస్టరు బల్ల దగ్గర దొరికావురా, నీ పొగరే నిన్ను పట్టించింది" అని యజమానే నాతో అన్నాడు. నిజమే కదా.

నన్ను బార్బడోస్ దీవికి అమ్మేశారు. ఓడ ఈ నెలాఖరుకు బయల్దేరుతుంది. అక్కడ చెరకు నరకడం తప్ప వేరే పని ఉండదంటున్నారు. మన కుర్చీని తగలబెట్టకు. దాంట్లో కూర్చో. వేళకు తిను.

నీ ప్రైమస్

*

నార్విచ్
ఏప్రిల్ 2

ప్రైమస్,

నీ ఓడ వెళ్లిపోయిందని ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన సరుకు ఓడ కెప్టెన్ చెప్పాడు. ఇది నీకు అందదు. అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు ఒళ్లెరగకుండా నిద్రపోయాను. ఆకలి కూడా వేసింది, సిగ్గులేకుండా. నువ్వు చేసినవి ఒక్కసారి తాకాలనిపించి, ఇవాళ బుట్టలు అమ్మే వంకతో పాస్టరు గారింటికి వెళ్లాను. పాస్టరు గారి భార్య లోపలికి వెళ్లగానే కుర్చీల వెనక మోకరిల్లాను.

పన్నెండు వెనక కాళ్లూ తడిమి చూశాను. అన్నీ నున్నగా ఉన్నాయి. ఒక్క చదరం కూడా లేదు.

"ఏం వెతుకుతున్నావే, పురుగు గానీ పట్టిందా?" అని ఆవిడ అరిచింది.

"లేదమ్మగారూ. చాలా బాగా చేశాడు" అన్నాను.

జైల్లో కూర్చుని, నా కోసం ఎంత ఓపిగ్గా కల్పించావు! తోలు సీట్లతో సహా అన్నీ అతికేలా రాశావు. నీ యజమాని ఆ మాట అని కూడా ఉండడు. నిన్ను పట్టించినదాన్ని నిద్రపుచ్చి వెళ్లావు.

ఆ వారం రోజులు చాలు, ప్రైమస్. ఇక నాది నేనే మోసుకుంటాను.

డోర్కస్