గోడ మీద లింగన్న పేరు

అల్ ఖూజ్ క్యాంపు, దుబాయ్, శనివారం, 1981

అమెరికాలోని సవన్నా నగర పౌరులారా, ఈ పాపిని మన్నించండి. మీ మ్యూజియంలలో టికెట్ లేకుండా తిరిగాను. మీ హోటళ్ళలో రొయ్యలు తిని, మూతి తుడుచుకుని వచ్చేశాను. పైగా గదిలోని ఎనిమిదిమందినీ వెంటబెట్టుకెళ్ళాను. అమెరికన్ ఇంజనీరు పారేసిన మీ ఊరి గైడు పుస్తకం నేను పైకి చదువుతుంటే, ప్రతి శుక్రవారం మా విహారం ఇలాగే సాగుతోంది.

నిన్న పుస్తకంలో పాత ఇటుక మేడల దగ్గరికి రాగానే తాపీమేస్త్రి లింగన్న నన్ను ఆపాడు. "గింత మంచిగ గట్టిన సుతారి పేరు రాయలేదా తమ్మీ?"

"ఎందుకు రాయలేదన్నా! గోడ మీదే చెక్కించారట" అని చదివాను.

వేలిముద్ర వేసే మనిషి, సాయంత్రం నాచేత తన పేరు కాగితం మీద రాయించుకున్నాడు. ఎందుకో నేనడగలేదు.

ఇవాళ గోదాము గోడకు పూసిన తడి సిమెంటులో తాపీ మొనతో ఆ మూడక్షరాలూ దించాడు. మేం ముదీర్ అని పిలిచే మేనేజరు చూసి, అందరి ముందూ అతనిచేతే గీకించాడు. "దోబారా కియా తో ఖలాస్, ఘర్ జావో!" మళ్ళీ చేస్తే పని ఊడినట్టే, ఇంటికి పొమ్మన్నాడు.

లింగన్న ఏడవలేదు. గదికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "రేపు గా పుస్తకం తే తమ్మీ. ముదీర్‌కు గా పేజీ సూపెడదాం. సదువుకున్నోడు గదా, ఇంటడు."

సరేనన్నాను.

ఆ పేజీలో కట్టినవాడి ఊసే లేదు. ఆ మాట అక్కడికక్కడ కల్పించి చదివింది నేనే.