మావారు అనే పెట్టె

అమలాపురం,
శుక్రవారం.

ఏమండీ, మీ పాదాలకు నమస్కారం. మీరు ఫోను ఎత్తడం లేదని ఈ కార్డు రాస్తున్నాను. హాస్టల్లో బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి.

మన గుడి వెబ్‌పేజీ మనమే చూసుకోవచ్చని నేర్చుకుంటున్న జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషలో ఇప్పుడు వేరియబుల్స్ పాఠం నడుస్తోంది. వేరియబుల్ అంటే పేరున్న పెట్టె. పెట్టె పేరు రాసిన చోటల్లా, అందులో పెట్టింది కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళ పేర్లతో చెయ్యమన్నారు. 'మావారు' అని ఒక పెట్టె చేసి ఖాళీగా వదిలేశాను. తెర మీద 'అన్‌డిఫైన్డ్' అని పడింది.

"ఇందులో ఏమీ పెట్టలేదేంటండీ ఆంటీ? అంకుల్ గారి పేరు మర్చిపోయేరా?" అంది పాఠం చెప్పే మమత.

"ఆయన పేరు నేను అననమ్మా."

"అనొద్దండి, టైపు చెయ్యండి చాలు."

"అదీ చెయ్యను తల్లీ."

చివరికి నా ఆధార్ కార్డు చూసి తనే కొట్టింది. పేజీలో నాలుగు చోట్ల మీ పేరు వచ్చింది. క్లాసులో పిల్లలంతా నవ్వేరు. ఊరుకాని ఊళ్ళో ఆ పేరు చూసేసరికి నాకు మాత్రం కళ్ళు నిండిపోయాయి. ఈ కార్డు మీద అడ్రసు కూడా మమతే రాసింది.

వత్తులు పై అరలో ఉన్నాయి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకండి. బీపీ మాత్ర వేసుకుంటున్నారా? అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీకు ఇష్టం లేకుండా వచ్చానన్న కోపం నాకు తెలుసు. వచ్చే శుక్రవారం సాయంత్రం హారతి వేళకు ఫోను చేస్తాను. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకండి. ఎత్తి పక్కన పెట్టండి, మీరు కొట్టే హారతి గంట వింటాను.

మీ
జ్యోతిర్మయి