లోపలంతా దూదే

మా పిచ్చుకకు నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ దేవుడి దయవల్ల కులాసా. అక్కడ నువ్వూ, నీ కుట్టుమిషనూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను. వంటగది కప్పు ఇప్పుడు కారడం లేదు, నేనే ఎక్కి సిమెంటు పూశాను. తాపీమేస్త్రీ ఇల్లే కారుతోందని పక్కింటావిడ ఏడాదిగా నవ్వుతోంది. ఇక ఆమె వేరే కాలక్షేపం చూసుకోవాలి. నా గొంతు బాగానే ఉంది. ఆదివారం నేను చేసే ప్రసంగంలో అరవడం తగ్గించమన్నావు. దేవుడికి చెవుడు లేదని నాకూ తెలుసు తల్లీ, కాని వెనక వరసలో కునికేవాళ్లకు ఉందే!

మూడోది, మీ ఫ్యాక్టరీలో మిగిలిన గుడ్డముక్కలతో నువ్వు కుట్టి పంపిన పువ్వులు అమ్మ చెప్పులకు పెట్టుకుందా అని. దీనికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను.

ఆ పొట్లం వచ్చినప్పుడు నేను పనిమీద ఊళ్లో లేను. ఆ వారం పనిమీంచి నేరుగా ఆరాధనకు వెళితే, ప్రార్థన గది గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వరసలో నీలం పువ్వులు కనిపించాయి. ఎవరో పడుచుపిల్ల షోకు అనుకున్నాను. ఆనాటి వాక్యం కూడా డంబం గురించే. నాకు ఊపొస్తే ఆగనని నీకు తెలుసు. మధ్యలో దిగి వెళ్లి ఆ చెప్పులు తెచ్చి, అందరిముందూ పువ్వులు పీకి చింపి, "చూశారా, పైకి పువ్వు, లోపలంతా దూదే. మన గర్వమూ ఇంతే" అన్నాను. ఆ మాట అప్పటికప్పుడు తట్టినందుకు లోలోపల మురిసిపోయాను కూడా. ముక్కలు కిటికీలోంచి కాలవలోకి విసిరి, ఇవి ఎవరివని అడిగాను. అవి మీ అమ్మవని ఆ గదిలో తెలియనిది నాకొక్కడికే.

మీ అమ్మ చివరి ఆమెన్ దాకా కూర్చుని, లేచి వచ్చి, ఆ చెప్పులే తొడుక్కుని నడిచింది. ఇంటికొచ్చాక కాలు చూశాను. వాచిన బొటనవేలి కీలు మీద పట్టీ ఒరుసుకుని చర్మం లేచిపోయింది. ఆ ఒరిపిడి తగలకూడదనే నువ్వు పువ్వు అడుగున దూది పెట్టి కుట్టావట. నేనడిగినప్పుడు లేచి చెప్పలేదేమంటే, "నేను లేస్తే మీరు కూర్చోవాల్సొచ్చేది" అంది.

అప్పటినుంచి నాలుగు వారాలుగా ఆరాధనకు రావడం లేదు. అడిగితే కాలు నొప్పి అంటుంది. కూరగాయలకు మాత్రం రెండు వీధులు నడుస్తుంది. చాప మీద ఆమె కూర్చునే చోటు ఖాళీగా కనిపిస్తుంటే నాకు మాట తడబడుతోంది.

పది రోజుల కిందట గ్రంథం తీస్తే, ఆ మొదటి దంపతులను తోటలోంచి వెళ్లగొట్టే ఘట్టం దగ్గర తెరుచుకుంది. దాని మీద ఎన్నిసార్లు ఉరిమానో! కాని పంపేముందు దేవుడే వాళ్లకు చొక్కాలు చేసి తొడిగాడన్న ముక్కను ఎప్పుడూ గబగబా దాటేసేవాణ్ణి. అంత కోపంలోనూ ఆయన కుట్టాడు. నేను చింపాను. పోయిన వారం ఇదే మాట అందరిముందూ ఒప్పుకుని, ఇంటికొచ్చి అమ్మకు మళ్లీ చెప్పాను. బట్టలు మడతపెడుతూ వింది. "చెప్పింది చాలు. చేతులున్నాయిగా" అంది.

అందుకని ప్రసంగబల్ల గుడ్డ కుట్టగా మిగిలిన ఎర్ర పీలిక ముందేసుకుని కూర్చున్నాను. తాపీ పట్టిన వేళ్లకు సూది చిక్కదు. మొదటిది చూసి అమ్మ, "ఇదేంటి, గబ్బిలమా?" అంది. రెండోదానికి నడుమ చుట్టిన దారం జారి రేకులు విడిపోయాయి. ఐదోది పువ్వులాగే వచ్చింది. అడుగున దూది పెట్టి, ఎలాస్టిక్ కుట్టి ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, వేలితో మెత్తను నొక్కి, ఎడమ చెప్పుకు తగిలించుకుంది. "కుడిదానికి కూడా అయితే వస్తాను" అంది.

కాని అలాంటిది మళ్లీ రావడం లేదు. మడతలు మధ్యలోకి కూడదీసి దారం ఎన్ని చుట్లు చుట్టాలో, ముడి ఎటువైపు వెయ్యాలో బొమ్మ గీసి వెంటనే పంపు. నీ చేతిపని చింపినందుకు నువ్వూ నన్ను క్షమించు. ఇక అరవనని మాటివ్వలేను గాని, గుమ్మం దగ్గర చెప్పుల జోలికి మాత్రం వెళ్లను.

నీ మూడో ప్రశ్నకు జవాబు: అమ్మ పెట్టుకుంటోంది తల్లీ. ప్రస్తుతానికి ఒక్క కాలికే.

ఇట్లు,
సూదితో కుస్తీ పడుతున్న
మీ నాన్న