పెద్ద సిస్టరమ్మకు ఏం కావాల్నో

బిడ్డా రూతూ, నీ నడుం నొప్పి తగ్గిందా? అల్లుని షుగర్ ఎట్లున్నది? పిల్లకు జరం మళ్ల రాలేదు గదా? నాకు మీదే ఫికర్.

నేను పనిజేసే కాన్వెంట్ల స్పెయిన్ పెద్ద సిస్టరమ్మకు పక్షవాతం వచ్చింది. ఇన్నేండ్లు మాట్లాడిన తెలుగు మొత్తం పోయి, తల్లి భాషే మిగిలింది. ఏం అడుగుతాందో తెల్వక నేను ఏడ్సిన. ఆ భాష కొంచెం వచ్చిన చిన్న సిస్టర్ హనుమకొండ దవాఖానకు డ్యూటీకి పోయేముందు నాకు ఒక్క మాట నేర్పింది. ‘కియెరో’ అంటే నాకు కావాలె, ‘కియెరెస్’ అంటే నీకు కావాల్నా అని. మనిషిని బట్టి మారుతదట, నాకు నోరు తిరుగది.

నిన్న నీళ్లు, పాలు, జపమాల ఒక్కొక్కటి చూపించి ‘కియెరెస్’ అని అడిగిన. అన్నిటికీ తల అడ్డం ఊపింది. నేను లేచి పోబోతే ‘కియెరో’ అనుకుంట నా కొంగు పట్టుకున్నది. ఎంతసేపటికీ ఇడువలే. నేను లేకుంటే పగటిపూట ఆమె మాట ఎవలు ఇంటరు?

అందుకే ఈ ఆదివారం నెక్కొండకు రాను, ఏమనుకోకు. బర్రె ఈనిందా? పాత మెత్తటి సీరలు తీసిపెట్టు, సిస్టరమ్మ కింద పరువాలె. ప్రభువు మిమ్ముల సల్లగ సూడాలె. నాకు మిమ్ముల సూడాల్నని ఉన్నది. ఆ పై ఆదివారం, పదో తారీఖు, మీరే రాండ్రి.

మీ అమ్మ